జీతం ఆగిన నెల: బాల్యం నుంచి యవ్వనానికి వెళ్లే దారి ఎక్కడ తెగుతోంది

హైదరాబాద్ చుట్టూ బొల్లారాలు రెండున్నాయి. రాష్ట్రపతి నిలయం ఉన్నది కంటోన్మెంటు బొల్లారం. ఈ వ్యాసం రెండో బొల్లారం గురించి. మియాపూర్, బాచుపల్లి దాటాక మందుల కంపెనీల ఘాటు వాసనతో ఎదురయ్యే పారిశ్రామికవాడ అది. ఒకప్పుడు మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని ఊరు. 2016లో జిల్లాలు మారినప్పుడు సంగారెడ్డిలోకి వచ్చింది, 2018లో మున్సిపాలిటీ అయింది. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం కలిపి ఒకే పట్టీ. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, బిహార్, ఒడిశా, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి కిరాయి గదుల్లో, రేకుల షెడ్లలో సంసారాలు పెట్టుకున్నారు. పిల్లల్ని కన్నారు, పెంచుతున్నారు.

ఆ పిల్లలు ఇరవై రెండేళ్లకు ఏమవుతారు? ఎవరు డిగ్రీ దాకా వెళ్తారు, ఎవరు టెన్త్ దగ్గర ఆగిపోయి హెల్పర్‌గా గేటు ముందు నిలబడతారు, ఏ ఆడపిల్లకు పదిహేడేళ్లకే పెళ్లవుతుంది? దాన్ని తేల్చేది ఏది?

ఈ ప్రశ్నకు మన మధ్య రెండు జవాబులు తిరుగుతుంటాయి. ‘వాడిలో ఉండాలి గానీ గుడిసెలో ఉన్నా చదువుతాడు’ అన్నది ఒకటి. ‘మా రాత ఇంతే, మా పిల్లల రాతా ఇంతే’ అన్నది రెండోది. మొదటిది సాధారణంగా గట్టెక్కినవాళ్ల నోట వస్తుంది, రెండోది మునిగినవాళ్ల నోట. ఈ రెండింటినీ పరీక్షించి చూసే ఆధారాలు యాభై ఏళ్లుగా తెలుగు నేల మీదే పోగవుతున్నాయి. ఒకే పిల్లవాణ్ణి, ఒకే ఇంటిని ఏళ్ల తరబడి వెంబడించి రాసిన లెక్కలవి. వాటన్నింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలింది ఇది: ఇల్లు ఎంత పేదది అన్నదానితో పాటు, కొన్నిసార్లు దానికంటే ఎక్కువగా, ఆ ఇంటికి దెబ్బ తగిలిన నాటికి పిల్ల వయసెంత, ఆ దెబ్బను ఆపే ఊత ఇంటి బయట ఏదైనా ఉందా అన్నవి తేలుస్తున్నాయి. ఈ మాటను ఆధారాలతో చూపించడమే నా ప్రయత్నం.

ఔరేపల్లి ఖాతాలు

మొదటి ఆధారం పటాన్‌చెరులోనే ఉంది. మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో ఇక్రిశాట్ ఇక్కడ పుట్టింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని పని. కానీ మెట్ట రైతు ఎలా బతుకుతున్నాడో తెలియకుండా విత్తనం ఇచ్చి లాభం లేదని 1975లో అక్కడి ఆర్థికవేత్తలు గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టారు. మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల్లో నాలుగు ఊళ్లు. సర్వే చేసేవాళ్లు ఆ ఊళ్లోనే కాపురం ఉన్నారు. కొన్ని వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి ఎవరు ఏ పనికి వెళ్లారు, ఏం కొన్నారు, ఏం తిన్నారు, ఎంత అప్పు చేశారు అని రాశారు. పదేళ్ల పాటు అలా రాసి, మళ్లీ 2001 నుంచి అవే ఊళ్లలో అందుకున్నారు. పేదల బతుకును ఇంత దగ్గరగా, ఇంతకాలం చూసిన లెక్కలు ప్రపంచంలోనే కొద్ది. అభివృద్ధి అర్థశాస్త్రం చదివే విద్యార్థికి ఏ దేశంలోనైనా ఔరేపల్లి పేరు తగులుతుందంటే కారణం అదే.

ఆ ఖాతాల్లోంచి బడి సంగతి పైకి తీసినవాళ్లు హానన్ జాకొబీ, ఇమాన్యుయెల్ స్కూఫియాస్. 1997లో అచ్చయిన వాళ్ల పరిశోధన ఒక చిన్న ప్రశ్న వేసింది. ఇంటి ఆదాయం పడిపోయిన రుతువులో పిల్లల హాజరు ఏమవుతుంది? అప్పు పుట్టే ఇంట్లో, గింజల నిల్వ ఉన్న ఇంట్లో పెద్దగా తేడా రాదు. చిన్న రైతు ఇంట్లో మాత్రం పిల్లలు బడి మానేస్తారు. తల్లి కూలికి వెళ్తే చంటిబిడ్డ దగ్గర పెద్దపిల్ల ఉండాలి. కలుపు తీసే మనిషికి కూలి ఇవ్వలేనప్పుడు కొడుకు చేలోకి దిగాలి. బ్యాంకు, బీమా లేని ఇల్లు పిల్లల చదువును తన బీమాగా వాడుకుంటోందని వాళ్లు చూపించారు. ఆ తల్లిదండ్రులకు చదువంటే ఇష్టం లేక కాదు. కష్టం వచ్చిన నెలలో ఇంట్లో తాకట్టు పెట్టగలిగింది అదొక్కటే.

అదే పరిశోధన మరో మాట కూడా చెప్పింది, దాన్ని దాచిపెట్టకూడదు. ఇలా రుతువును బట్టి బడి మానడం వల్ల సగటున చదువుకు కలిగే నష్టం మరీ పెద్దది కాదని తేల్చారు. అది 1970, 80ల పల్లెల లెక్క. బడి ఊళ్లోనే ఉంది, పంతులు పిల్లల్ని పేరుపేరునా ఎరుగుదురు, కోతలయ్యాక పిల్ల మళ్లీ అదే బల్ల మీద కూర్చునేది. బొల్లారంలో తొమ్మిదో తరగతి పిల్లవాడు మూడు నెలలు పనికి వెళ్తే ఏమవుతుంది? నెలాఖరుకు చేతిలో జీతం పడుతుంది. ఆ జీతం లెక్కలోకి వచ్చి ఇంటి కిరాయి, చిట్టీ వాయిదా కుదురుకుంటాయి. అతను తిరిగి బడికి వెళ్లాలంటే ఇల్లు ఆ ఆదాయాన్ని వదులుకోవాలి. పల్లెలో ఆ మానడం రుతువుతో పోయేది. ఇక్కడ అది స్థిరపడిపోతుంది. పరిశ్రమ పక్కన పెరగడం వల్ల పల్లె పిల్లకు లేని అవకాశాలు వస్తాయన్నది నిజమే. పల్లె పిల్లకు లేని ఈ ఉచ్చు కూడా అక్కడే ఉంది.

మూడు వేల మంది పిల్లలు

రెండో ఆధారం ఇంకా విశాలమైంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. 2002లో ఏడాది వయసున్న 2,000 మందిని, ఎనిమిదేళ్లున్న 1,000 మందిని పేర్లు రాసుకుని వెంబడించడం మొదలుపెట్టారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాద్ నగరం. హైదరాబాద్‌లోని సెస్ పరిశోధన సంస్థ, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఇందులో భాగస్వాములు. 2006, 2009, 2013, 2016లలో మళ్లీ మళ్లీ అవే గడపలు తొక్కారు. కరోనా కాలంలో ఫోన్‌లో పలకరించారు. 2023–24 విడత నాటికి చిన్న బృందం ఇరవై రెండేళ్లకు, పెద్ద బృందం దాదాపు ముప్పైకి చేరింది. రాష్ట్రం రెండయినా ఆ పిల్లల జాబితా ఒకటిగానే సాగుతోంది.

ఇరవై ఏళ్ల ఈ లెక్కల్లోంచి నాలుగు సంగతులు మన ప్రశ్నకు దగ్గరివి.

పొట్టితనం గురించి ముందు. రెండేళ్లలోపు సరైన తిండి లేక, పదే పదే జబ్బుపడి వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు తర్వాత చదువులో వెనకబడతారన్నది పాత సంగతి. ఈ అధ్యయనం దానికి మరొకటి జోడించింది. స్టెఫాన్ డెర్కన్, అలాన్ సాంచెజ్ నాలుగు దేశాల పిల్లల్ని చూసి, ఏడెనిమిదేళ్లకు ఎత్తు తక్కువగా ఉన్న పిల్లలకు పదకొండు, పన్నెండేళ్లకు తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉందనీ, చదువు మీద పెట్టుకునే ఆశ కూడా తక్కువేననీ చూపించారు. అంటే ‘వాడిలో ఉండాలి’ అని మనం అంటున్నది కూడా కొంతవరకు వాడి చిన్ననాటి కంచంలోంచి వచ్చిందే. పట్టుదల పుట్టుకతో వచ్చే గుణమని, పేదరికం దాన్ని తాకలేదని చెప్పేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి.

అదే సమయంలో చిన్నప్పుడు జరిగిన నష్టం మారనిది కాదని కూడా ఈ లెక్కలే చెబుతున్నాయి. 2002–03 కరువు చాలామందికి గుర్తుండే ఉంటుంది. పాలమూరు, అనంతపురం పల్లెలు ఖాళీ అయిన రోజులు. ఆ కరువులో ఏడాది, రెండేళ్ల వయసున్న పిల్లలు ఎత్తులో, బరువులో నష్టపోయారు. సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశంతో ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బడిలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, డెర్కన్ ఈ రెండింటినీ కలిపి చూశారు. బడిలో చేరి ఆ అన్నం తిన్న చిన్నపిల్లల్లో కరువు చేసిన నష్టం పూడింది. తిననివాళ్లలో మిగిలిపోయింది. ఒక్క పూట అన్నం, పప్పు, అప్పుడప్పుడు గుడ్డు. ఇంటి ఆదాయంతో, నాన్న ఆ నెల ఎంత తెచ్చాడన్నదానితో సంబంధం లేకుండా వచ్చిన పూట. నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో అన్నింటికంటే విలువైన ఫలితం ఇదే. దెబ్బ తగిలింది, ఊత దొరికింది, పిల్ల నిలబడింది.

మూడోది ఆడపిల్లలది. పెద్ద బృందంలో పంతొమ్మిదేళ్లకు చేరిన ఆడపిల్లల్లో నలుగురిలో ఒకరికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. అదే వయసు మగపిల్లల్లో పెళ్లయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఎవరికి అలా జరిగిందని వెనక్కి వెళ్లి చూస్తే ఆస్తి, కులం, తల్లి చదువు అన్నీ కనిపిస్తాయి. వాటన్నింటినీ లెక్కలోకి తీసుకున్నాక కూడా గట్టిగా నిలిచింది ఒకటి: పదిహేనేళ్ల వయసులో ఆ పిల్ల బడిలో ఉందా లేదా? లేకపోతే చిన్నతనపు పెళ్లి అవకాశం ఎన్నో రెట్లు పెరిగింది. పెళ్లి చేసేద్దామని బడి మాన్పించడం కంటే, బడి మానేసింది కదా ఇంక ఇంట్లో ఎందుకని పెళ్లి చేయడమే ఎక్కువని ఆ ఇళ్లలో మాట్లాడినవాళ్లు రాశారు. బడి ఎందుకు మానింది? తల్లికి జబ్బు చేసింది, హైస్కూలు పక్క ఊళ్లో ఉంది, పత్తిచేలో పువ్వు కట్టే పని వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లాలో విత్తన పత్తి సాగుకు చేతులతో పరపరాగ సంపర్కం చేయడానికి ఆడపిల్లల్నే పెట్టేవారు. ఆ పని కొన్ని వారాలదే. కానీ ఆ వారాలు బడి నడిచే రోజుల్లోనే వచ్చేవి. తిరిగి వెళ్లేసరికి పాఠాలు దాటిపోయేవి, టీచరు ప్రశ్నకు జవాబు రాక సిగ్గుపడి మరుసటి ఏడు అసలే వెళ్లని పిల్లలు ఎందరో.

నాలుగోది, ప్రైవేటు బడి. పెద్ద బృందం ఎనిమిదేళ్ల వయసులో ఉన్నప్పుడు ప్రైవేటు బడికి వెళ్లినవాళ్లు దాదాపు నాలుగో వంతు. ఏడేళ్ల తర్వాత అదే వయసుకు వచ్చిన చిన్న బృందంలో అది 40 శాతం దాటింది. ఎవరిని పంపారు? చాలా ఇళ్లలో కొడుకుని. ఈ ఖర్చుకు దక్కేదెంతో కూడా ఉమ్మడి రాష్ట్రంలోనే తేల్చారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008లో మొదలుపెట్టిన ప్రయోగంలో లాటరీ వేసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వాళ్లకూ సర్కారు బడి పిల్లలకూ తేడా లేదు. హిందీ ఒక్కదానిలో మెరుగయ్యారు. ప్రైవేటు బడి పిల్ల మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతేనన్నది నిజం, ఆ లెక్కన అది పొదుపైన బడే. కానీ తల్లిదండ్రుల జేబు వైపు నుంచి చూస్తే వేరే సంగతి. జీతం ఆగిన నెలలో మొదట తెగేది ఫీజు కట్టే బడే. సర్కారు బడి నుంచి బకాయి ఉందని ఎవర్నీ వెనక్కి పంపరు. షిఫ్టు జీతం మీద బతికే ఇంటికి ఈ తేడా తక్కువది కాదు.

ఉప్మా తిన్న ఊళ్లు

మూడో ఆధారం రంగారెడ్డి జిల్లాది. 1987లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లను ఎంచుకుంది. 15 ఊళ్లలో అప్పటికే అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందుతోంది. పక్కనే ఉన్న 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ అదనపు ఆహారం మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా. గర్భిణులకు, బాలింతలకు రోజుకు దాదాపు 500 కేలరీలు, ఆరేళ్లలోపు పిల్లలకు దాదాపు 300. పుట్టిన బిడ్డల బరువు చూసి 1990లో ఆ అధ్యయనం ముగించారు.

అయితే పదిహేనేళ్ల తర్వాత అవే ఊళ్లకు తిరిగి వెళ్లినవాళ్లున్నారు. సంజయ్ కిన్రా బృందం 13 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న 1,165 మందిని కొలిచింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఆ ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. వాళ్ల రక్తనాళాల బిరుసుతనం తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. అంటే పెద్దయ్యాక చక్కెర జబ్బు, గుండె జబ్బు వైపు నడిచే దారి కొంత వెనక్కి జరిగింది. వాళ్లు ఇరవై దాటాక మరోసారి చూస్తే ఆ ఊళ్ల పిల్లలు హైస్కూలు, డిగ్రీ పూర్తి చేయడం ఎక్కువ, పనిలోనో పైచదువులోనో ఉండటం ఎక్కువ, త్వరగా పెళ్లయిపోవడం తక్కువ అని తేలింది. అరిందమ్ నంది, జెరె బెర్మన్, కిన్రా, రమణన్ లక్ష్మీనారాయణ్ 2018లో రాసిన వ్యాసంలో ఈ సంగతి ఉంది.

ఆ తేడాలు పెద్దవి కావు. ఏ ఊరికి ఆహారం అందాలన్నది చీటీ వేసి ఎంచుకోలేదు కాబట్టి ఆ ఊళ్ల మధ్య ముందునుంచే ఉన్న తేడాలు కొంత కలిసి ఉండవచ్చని వాదించవచ్చు కూడా. కానీ గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 దాకా జరిగిన ఇలాంటి ప్రయోగంలోనూ ఇదే దిశ కనిపించింది. మూడేళ్లలోపు పోషకమైన గంజి తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకు 46 శాతం ఎక్కువ సంపాదించారు. జమైకాలో వయసుకు తగ్గ ఎత్తు లేని పసిపిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారం వారం వెళ్లి, తల్లి పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువ. ఖండాలు వేరు, తిండి వేరు, భాష వేరు. ఫలితం ఒకే వైపు చూపిస్తున్నప్పుడు రంగారెడ్డి ఊళ్ల సంగతిని యాదృచ్ఛికమని కొట్టేయలేం.

ఈ ఆధారాన్ని బొల్లారానికి తెచ్చినప్పుడు ఒక చిక్కు ఉంది. అంగన్‌వాడీ ఉన్న ఊళ్లో పుట్టి అదే ఊళ్లో పెరిగిన పిల్లలు వాళ్లు. ఈ పారిశ్రామికవాడలో పిల్ల కడుపున పడింది ఒక చోట, పుట్టింది అమ్మమ్మ ఊళ్లో, మూడేళ్లకు వచ్చింది ఇక్కడి గదికి, ఐదేళ్లకు కాంట్రాక్టరు మారితే మరో చోటికి. పథకం ఊరికి కట్టుబడి ఉంది, పిల్ల ఊరూరా తిరుగుతోంది. ఇటుక బట్టీల పిల్లలది ఇంకా కష్టం. పశ్చిమ ఒడిశా నుంచి బట్టీలకు వచ్చేవాళ్లకు బయానా మనిషికి ఇవ్వరు, ‘పథూరియా’ అనే జట్టుకు ఇస్తారు. సాధారణంగా మగమనిషి, ఆడమనిషి, ఒక పిల్ల కలిస్తే ఒక పథూరియా. అప్పు పత్రంలోనే పిల్ల చేతులు లెక్కలోకి వచ్చేశాయన్నమాట.

కంపెనీ గోడకు రెండు వైపులా

ఇప్పుడు ఈ వాడ సంగతికే వద్దాం. పైన చెప్పిన ఏ అధ్యయనమూ ఒకప్పటి మెదక్ జిల్లాలోని ఈ పట్టీ పిల్లల్ని వెంబడించలేదు. కాబట్టి ఇక్కడ నేను చెప్పేది పై ఆధారాల వెలుగులో ఈ నేల చరిత్రను చదవడమే.

1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. కంపెనీతో పాటు టౌన్‌షిప్ వచ్చింది: క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, ఆటస్థలం. పల్లెల నుంచి వచ్చి అందులో ఫిట్టరుగానో టర్నరుగానో చేరిన మనిషికి జబ్బు చేస్తే జీతం ఆగలేదు, మందులకు అప్పు కాలేదు. చనిపోతే ఇంటికి పెన్షన్ వచ్చింది. ఆ క్వార్టర్లలో పెరిగిన పిల్లల్లో ఇంజినీర్లు, డాక్టర్లు, అమెరికా వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారని ఈ ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. వాళ్ల తండ్రులు ధనవంతులేమీ కారు. వాళ్ల ఇళ్లకు దెబ్బలు తగలకుండానూ లేవు. దెబ్బ తగిలిన ఏడాది కూడా ఆ పిల్ల బడికి వెళ్లింది, అదే తేడా.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో 1970, 80ల్లో పెరిగిన పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమలు వేరే పద్ధతిలో వచ్చాయి. పనివాళ్లలో అధిక భాగం కాంట్రాక్టరు కింద. పక్క ఊళ్ల రైతులకు మరో దెబ్బ తగిలింది. మందుల కంపెనీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలిసి మంజీరా వైపు పారాయి. వాగు పక్కన వరి పండే భూములు పాడయ్యాయి, బావుల నీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ అల్లాణి కిషన్‌రావు రోగుల్ని చూస్తూ చూస్తూ ఉద్యమకారుడయ్యారు. వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది, ఊళ్లకు మంచినీళ్ల పైపులు, రైతులకు నష్టపరిహారం కోర్టు ఆదేశాలతోనే వచ్చాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించినప్పుడు ప్రపంచం ఈ ఊరి పేరు విన్నది. ఈ చరిత్రను మనం పర్యావరణం అనే అరలో పెట్టేశాం. పిల్లల వైపు నుంచి చూస్తే ఇది తండ్రి పొలం పోయిన చరిత్ర. భూమి ఉన్న ఇల్లు కష్టంలో దాని మీద అప్పు తెచ్చుకునేది. ఆ భూమికి విలువ పోయాక, రైతు కొడుకు తన పొలాన్ని పాడు చేసిన వరుసలోని ఏదో ఒక కంపెనీలోనే కాంట్రాక్టు కూలిగా చేరాడు.

ఆ కూలికి ఊత లేదని చట్టం అనదు. ఈఎస్ఐ నిబంధనల ప్రకారం నెలకు 21,000 లోపు జీతం ఉన్న కార్మికుడు కాంట్రాక్టరు కింద ఉన్నా కవరేజీలోకి వస్తాడు. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం, పనిలో దెబ్బ తగిలితే 90 శాతం. చనిపోతే ఆధారపడినవాళ్లకు పెన్షన్, కొడుకుకు ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా వాటా. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి కూడా ఉంది. కానీ జబ్బు భృతి రావాలంటే ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా జమ కావాలి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పేరు రాయించుకోవాలి. రాయని కాంట్రాక్టరు దగ్గర పనిచేసే మనిషి వేలు మెషిన్‌లో పడితే ఆ నెల ఆ ఇంటి పిల్లల హాజరు పడిపోతుందని ఔరేపల్లి ఖాతాలు నలభై ఏళ్ల కిందటే చెప్పాయి. అందుకే ఈ వాడలో ఈఎస్ఐ కార్డును నేను కార్మిక హక్కుల పత్రంగానే కాక పిల్లల చదువు పత్రంగా కూడా చూస్తాను. పిల్లల గురించి ఆలోచించే శాఖలు, కార్మికుల గురించి ఆలోచించే శాఖలు వేర్వేరు గదుల్లో కూర్చోవడం వల్ల ఈ ముడి ఎవరికీ కనిపించడం లేదు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు, పిల్లల తండ్రులు. పరిహారం మాట అప్పుడు గట్టిగా వినిపించింది. అలాంటి ప్రమాదం తర్వాత ఆ ఇళ్ల పిల్లలు ఏ ఊళ్లో, ఏ బడిలో, ఏ తరగతిలో ఉన్నారో ఏటా చూసి రాసే బాధ్యత ఏ అధికారికైనా అప్పగించాలి. డబ్బు ఒకసారి వస్తుంది. పిల్ల పదిహేనేళ్లకు చేరేది ఇంకా కొన్నేళ్ల తర్వాత.

ఇంటి బయటి ఊత

ఇంటి బయట ఊత కట్టి చూపించినవాళ్లు మన మధ్యే ఉన్నారు. 1991లో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు అందరూ ఒప్పుకున్న సూత్రం ఒకటుంది: పేదరికం పోతే గానీ బాలకార్మికులు పోరు. అదే ఏడాది మైరన్ వీనర్ భారతదేశంలో పిల్లలు, రాజ్యం గురించి రాసిన పుస్తకంలో ఆ సూత్రాన్ని ప్రశ్నించాడు. శాంతా సిన్హా బృందం ఊళ్లలో నిలబడి ప్రశ్నించింది. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే లెక్క అన్నారు. పశువుల కాపరిగా, జీతగాడిగా ఉన్న పిల్లల్ని తెచ్చి బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతిలో చేరేదాకా చదివించారు. ఆ పిల్లల ఇళ్లు అప్పటికి ఏమీ బాగుపడలేదు, పేదరికం అలాగే ఉంది. అయినా తల్లిదండ్రులు పంపారు. లక్షల మంది పిల్లలు ఆ దారిన బడికి చేరారు. ఆమెకు 2003లో మెగసెసె పురస్కారం వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు.

గురుకులాలది మరో దారి. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైంది. తర్వాత సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలుగా విస్తరించింది. నిజామాబాద్ జిల్లా గిరిజన తండా నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది కూడా గురుకులం విద్యార్థినిగానే. పూర్ణ పేరు చెప్పగానే ‘వాడిలో ఉండాలి’ వాదం తిరిగి లేస్తుంది. ఆమెలో ఉంది, సందేహం లేదు. ఆమెను గుర్తించి, తిండిపెట్టి, శిక్షణ ఇప్పించి, ఫీజు అడగకుండా నిలబెట్టిన వ్యవస్థ కూడా అప్పుడు ఉంది.

ఊత ఒక మనిషి కూడా కావచ్చు. హవాయి దీవుల్లోని కవాయిలో ఎమ్మీ వెర్నర్ బృందం 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని నలభై ఏళ్లు చూసింది. పేదరికం, తాగుడు, గొడవలు అన్నీ కలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లలో మూడో వంతు మంది నిబ్బరమైన పెద్దలయ్యారు. వాళ్లందరిలో తరచుగా కనిపించింది, తల్లిదండ్రులు చూసుకోలేకపోయినా తమను పట్టించుకున్న ఒక పెద్ద మనిషి: అవ్వ, టీచరు, పక్కింటి అత్త. తెలుగు పల్లెలో ఆ మనిషి సాధారణంగా దొరుకుతుంది. అమ్మమ్మ ఉంటుంది, మేనమామ ఉంటాడు. వలస వచ్చిన గదిలో అమ్మానాన్నలిద్దరూ షిఫ్టుకు వెళ్తే ఆ చోటు ఖాళీ. దాన్ని నింపగలిగింది సర్కారు బడి టీచరు, అంగన్‌వాడీ టీచరు. వాళ్లు పిల్ల పేరు, ఆ ఇంట్లో ఆ నెల ఏం జరిగిందో తెలిసేంత కాలం ఒకే చోట, తగినంత మంది ఉండాలి. తెలుగు రాని పిల్లకు తన భాషలో ఒక మాట చెప్పగలిగినవాళ్లు ఉండాలి.

ఇన్ని ఆధారాలూ చదివాక ఒక వయసు దగ్గర నా చూపు ఆగిపోతోంది. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లకు ముగుస్తుంది. ప్రమాదకర పనిలో పెట్టకూడదన్న నిషేధాన్ని 2016 సవరణ పద్దెనిమిదేళ్ల దాకా పొడిగించింది. అంటే పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఈ వాడలోని పిల్లకు చదువు హక్కూ లేదు, రసాయన కంపెనీలో పనికి అర్హతా లేదు. యంగ్ లైవ్స్ లెక్కల్లో ఆడపిల్లల జీవితాలు విడిపోయిన పదిహేనేళ్ల వయసు సరిగ్గా ఈ ఖాళీలో పడుతుంది. మధ్యాహ్న భోజనం కేంద్ర పథకంలో ఎనిమిదో తరగతి దాకానే. తండ్రికి దెబ్బ తగిలి ఇంటికి డబ్బు అత్యవసరమైన ఏడాది పిల్లకు పదకొండేళ్లుంటే ఆమెను పట్టుకునే చేతులు మూడున్నాయి: బడి, భోజనం, చట్టం. పదిహేనేళ్లుంటే ఒక్కటీ గట్టిగా లేదు. చదువు హక్కును పద్దెనిమిదేళ్లకు పెంచాలని, ఇంటర్ దాకా వసతి గృహాలు ఈ మున్సిపాలిటీల్లోనే కట్టాలని, కాంట్రాక్టరు లైసెన్సు కొత్తగా ఇచ్చే ప్రతిసారీ ఈఎస్ఐ చందాల జాబితా చూడాలని నేను అడిగేది అందుకే. ఈ మూడింటిలో మొదటిది ఢిల్లీ చేతిలో ఉంది. మిగిలిన రెండూ సంగారెడ్డి కలెక్టరేట్, హైదరాబాద్ సచివాలయం దాటి ఎక్కడికీ వెళ్లనక్కర్లేనివి.